బొటనవేలి కింద ఎనిమిది నాచ్‌లు

మెండ నరసింగరావుకి పక్షవాతం వచ్చి తగ్గాక, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు. దేవుడు చల్లగా చూశాడు, పోయింది ఎడమచెయ్యే, కుడిచెయ్యి మిగిలింది కదా అని. ఆపిల్ పళ్లు బల్లమీద పెట్టి, ఆ మాట అనేసి, టీ తాగి వెళ్లిపోయేవారు. నరసింగరావుకి ఒళ్లు మండేది. మిగిలిన ఆ కుడిచేతిలో కర్ర ఉంది. ఎడమకాలు ఈడుస్తుంది కాబట్టి కర్ర వదిలితే నడవలేడు. కర్ర పట్టుకుంటే ఇంకేదీ పట్టుకోలేడు. అంటే చూడ్డానికి ఒక చెయ్యి ఉన్నట్టే గాని పనికి ఒక్కటీ లేదు. ఈ సంగతి దేవుడికి తెలుసో లేదో గాని, ఆపిల్ పళ్లు తెచ్చినవాళ్లకి మాత్రం తట్టలేదు.

అతనికి రెండు చేతులూ కావలసిన పని ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. విజయనగరం కంటోన్మెంటులో, రిటైరయ్యాక కొనుక్కున్న ఇంటి పెరట్లో, నడుమెత్తు బల్లలు వరసగా కలిపి, వాటిమీద కోటబొమ్మాళి నుంచి చీపురుపల్లి దాకా రైలుమార్గం చిన్నది చేసి కట్టాడు. మధ్యలో తిలారు, ఊర్లాం, ఊర్లాం దాటాక వంశధార వంతెన. పట్టాలు బయటనుంచి తెప్పించినవి. ఇంజన్లూ పెట్టెలూ మాత్రం రేకు కత్తిరించి, బొమ్మల మోటార్లు బిగించి, తనే చేసుకున్నాడు. హుద్‌హుద్ తుఫానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయి ఊర్లాం, వంశధార రెండూ నీళ్లలో నానిపోతే, మళ్లీ మొదట్నుంచీ కట్టాడు. అతని భార్య దాలమ్మ అప్పుడే అంది: "అసలు వంశధార వంతెన ఎన్ని వరదలొచ్చినా పోనేదు. నీ వంశధారకి ఒక్కటి సాలింది."

ఆ మార్గంలో బండి నడపాలంటే కుర్చీలో కూర్చుంటే కుదరదు. సబ్బుపెట్టెంత డబ్బా ఒకటుంటుంది. దాని మధ్యలో తిప్పే గుబ్బ, చివర ఒక తీగ. బల్ల అంచున అక్కడక్కడా సాకెట్లు. డబ్బా ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో గుబ్బ తిప్పుతూ, బండి ఎంత దూరం పోతే అంత దూరం పక్కనే నడవాలి. తీగ చాలకపోతే ఒక సాకెట్లోంచి పీకి తరవాతి సాకెట్లో పెట్టాలి. రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్నవాడి ఆట అది. పక్షవాతం తరవాత నరసింగరావు షెడ్డు తలుపు దగ్గర నిలబడి, దుమ్ము పడుతున్న పట్టాలకేసి చూసి, వెనక్కి వచ్చేసేవాడు.

రైళ్లంటే చిన్నప్పట్నుంచీ అతనికి ప్రాణమని ఒకసారి పేపర్లో వేశారు. అబద్ధం. కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఇంట్లో రెండోవాడు. ఉన్న మడిచెక్క అన్నకే చాలదని విశాఖపట్నం డీజిల్ షెడ్డులో కలాసీగా చేరాడు. ఇంజన్లు తుడిచాడు. అసిస్టెంటయ్యాడు, పలాసలో గూడ్సు డ్రైవరయ్యాడు. ప్రేమ పుట్టింది బండి నడిపినప్పుడు కాదు, ఆపినప్పుడు. బొగ్గు నిండిన పొడవాటి గూడ్సుని, వెనక గార్డు పెట్టెలో టీగ్లాసు తొణక్కుండా ఆపడం ఎంత కష్టమో తెలిశాక, ఆ కష్టం మీద మోజు పడ్డాడు. అతని బండికి చాలాసార్లు గార్డుగా వచ్చిన దేవేంద్ర ఆ గ్లాసుకి సాక్షి. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేంత స్నేహం.

రిటైర్‌మెంటు ఇంకా మూడేళ్లుందనగా కంటి పరీక్షలో తప్పాడు. ఇంజను మీంచి దింపి ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏ డ్రైవరు ఏ బండికి ఎక్కాలో ఫోన్లో చెప్పే పని. రైల్వేలో ఒక మర్యాద ఉంది. డ్రైవరు ఆఖరి ట్రిప్పు రోజున ఇంజనుకి దండలు కడతారు, తోటివాళ్లు ప్లాట్‌ఫారం మీదకి డప్పులతో వస్తారు, అతను ఇంజను మెట్లు దిగి ఇంటికి పోతాడు. నరసింగరావుకి దిగడానికి మెట్లు లేవు. "అందరూ ఇంజను దిగి రిటైరయ్యేరు. నాను కుర్సీలోంచి లేసి రిటైరయ్యేను," అని అతను నవ్వుతూనే చెప్పేవాడు గాని, ఆ నవ్వు ఎంత కారంగా ఉంటుందో దాలమ్మకి తెలుసు.

కాబట్టి రెండు వేల పదహారు చివర్లో, ఊళ్లో ఒక ఇంజినీరింగు కాలేజీ వాళ్లు తమ ఉత్సవంలో ఈ రైలుమార్గాన్ని పెడతామని అడిగినప్పుడు, దేవేంద్ర చేసిన ఏర్పాటు అతనికి ఎందుకు అంత కిట్టలేదో అర్థం చేసుకోవచ్చు.

"నువ్వు స్టేజి మీద కూకో బావా," అన్నాడు దేవేంద్ర. "బండి నాను తిప్పుతాను. ఎక్కడ లాగాలో, ఎక్కడ ఆపాలో నువ్వు సెప్పు. నువ్వు నడిపినట్టే."

"నీ బువ్వ నాను తినేసి, నీ కడుపు నిండినట్టే అంటే ఒప్పుకుంటావేటి?"

"మరేటి సేస్తావు? కర్ర ఒగ్గేసి డబ్బా పట్టుకుంటావా? పట్టుకో. నాలుగడుగులేసి వంశధారలో పడు. దాలమ్మప్ప నన్ను సంపేస్తాది."

"బండి నాను నడుపుతాను. నేదంటే బండి ఎల్లదు. కాలేజీవోళ్లకి అలగే సెప్పు."

దేవేంద్ర చెప్పలేదు. ఉత్సవానికి ఇంకా రెండు నెలలుంది, ఈలోగా మొండితనం కరుగుతుందిలే అనుకున్నాడు. ఇన్నేళ్లు వెనక పెట్టెలో కూర్చుని ప్రయాణం చేసినవాడికి ముందు ఇంజన్లో ఉన్నది ఎలాంటి మనిషో తెలియకపోవడం వింతే.

ఊళ్లో మూడులాంతర్ల కూడలి దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో కుమారి అనే పిల్ల పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున చింతపల్లి వాళ్లది. తండ్రి పడవ మీద వేటకి వెళతాడు, తల్లి గున్నమ్మ చేపలు అమ్ముతుంది. కుమారి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. నరసింగరావు ఫోను చేతిలోంచి జారి పగిలితే ఆ కొట్టుకి వెళ్లాడు. అద్దం మార్చుతూ ఉండగా అడిగాడు: "సేత్తో పట్టుకోకుండా రైలు నడపాలి. సెయ్యగలవేటి?"

"ఏ రైలు? గవర్నమెంటు రైలేటి?"

"నా రైలు."

ఆ ఆదివారం వచ్చి చూసింది. షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది, బల్లల కిందకి దూరి తీగలు చూసింది, మళ్లీ లేచింది. "ఓలమ్మ, ఇంత కట్టీసి మూల పడీసేవా మావా?" అంది. అంతే, జాలి మాట ఒక్కటీ లేదు. నరసింగరావుకి ఆ పిల్ల నచ్చింది.

మొదట సులువైన దారి పట్టింది. బల్ల కింద తీగలు లేకుండా సంకేతం అందుకునే చిన్న పలక బిగించి, ఫోన్లోంచి బండి నడిచేలా చేసింది. ఫోను అతని ముంజేతికి పట్టీతో కట్టింది. కాని కర్ర పట్టుకున్న చేతిమీద ఉన్న ఫోనుని నొక్కడానికి వేరే వేలు ఏదీ? ముక్కుతో నొక్కాలి. దాలమ్మ అది చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. రెండోసారి కుమారి గడియారంలా మణికట్టుకి కట్టుకునే పట్టీ తెచ్చింది. అందులో వంపుని కనిపెట్టే చిప్పు ఉంది. చెయ్యి ముందుకి వాలిస్తే బండి కదులుతుంది, పైకెత్తేకొద్దీ వేగం పెరుగుతుంది, దించితే ఆగుతుంది. నడిచేటప్పుడు కర్ర ఊపుకి బండి తుళ్లకుండా ప్రోగ్రాములో సర్దింది. బండి కోటబొమ్మాళి వదిలింది. మూడడుగులు నడవడం, ఆగి చెయ్యి వాల్చడం, మళ్లీ మూడడుగులు. నరసింగరావు మొహంలోకి మళ్లీ కళ వచ్చింది.

తిలారు వచ్చింది. బండి స్టేషన్ ముందు నుంచి పోతూ ఉండగా నరసింగరావు కర్రతో సహా కుడిచెయ్యి భుజం దాకా ఎత్తాడు. బండి తారాజువ్వలా లేచి, మలుపు దగ్గర పట్టా తప్పి, బల్ల మీంచి నేలమీద పడింది. ఇంజను ముక్కు సొట్టపోయింది.

"ఏటి మావా! సెయ్యెందుకెత్తేవు?"

నరసింగరావుకి తను చెయ్యెత్తినట్టే తెలియదు. బల్లకేసి చూసి, సిగ్గుపడుతూ చెప్పాడు: "ఆల్‌రైట్ సెప్పేను."

గూడ్సు ఆగకుండా స్టేషన్ దాటుతున్నప్పుడు, స్టేషన్ మాస్టరు బయటకొచ్చి పచ్చజెండా చూపిస్తాడు. బండికి అంతా బాగుందని అర్థం. డ్రైవరు చెయ్యెత్తి, చూశాను అని జవాబివ్వాలి. ఎండలో, వానలో, జ్వరంలో, ఎన్ని స్టేషన్లు దాటితే అన్నిసార్లు. పలాస నుంచి విశాఖపట్నం దాకా అతని కుడిచెయ్యి తనంతట తనే లేచి తనంతట తనే దిగేది.

"ఎవులికి సెప్పేవు? అక్కడ ఎవులున్నారు?"

నరసింగరావు కర్రతో చూపించాడు. తిలారు స్టేషన్ ముందు, అగ్గిపుల్లంత మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో గోరంత పచ్చకాగితం.

"ఆడికి నువ్వు సెప్పకపోతే ఏడుస్తాడేటి?" అంది కుమారి. "ఇకమీదట ఎత్తకు. అంతే."

అతను ఎత్తకుండా ఉందామని నిజంగానే ప్రయత్నించాడు. వారం రోజులు షెడ్డులో అదే పని. ఊర్లాం దగ్గర పళ్లు బిగబట్టి చెయ్యి ఆపుకున్నాడు, అప్పుడు బండి ఆపడం మరిచిపోయాడు. కోటబొమ్మాళి దగ్గర చెయ్యి సగం లేచి ఆగింది, బండి సగం దూకి ఆగింది. పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చని గోడల మీద రాసే పెద్దమనుషులు, ముప్పై ఏళ్ల అలవాటుని ఒక వారంలో మానిపించి చూపిస్తే బాగుండును. చివరికి కర్ర గోడకి కొట్టి చెప్పాడు:

"నా వల్ల కాదు పిల్లా. వద్దు కూడాను. సెయ్యెత్తకుండా స్టేషన్ దాటీవోడు డ్రైవరు కాదు, మోటారు. నీ యంత్రమే మార్చు."

"నా యంత్రం బానే ఉన్నాది! మనిసే బానేడు!" అని కుమారి పట్టీ పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు రాలేదు. నరసింగరావు దాలమ్మ చేత కొట్టుకి ఫోను చేయించాడు. దాలమ్మ రాయబారం ఎలా ఉందంటే, "రాయే తల్లీ, నువ్వు రాకపోతే ఈయన నన్ను స్టేషన్ మాస్టర్ని సేసి జెండా పట్టిస్తన్నాడు" అని. అది అబద్ధం కాదు.

కుమారి వచ్చింది. కోపం పోలేదు, కాని పని తెచ్చింది. ఆమె చింతపల్లి వెళ్లినప్పుడు తండ్రి గేలపుతాడు వదులుతుంటే చూసిందట. తాడు కోసెయ్యకుండా చూపుడువేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కుంటాడు. పెద్ద చేప లాగుతున్నప్పుడు చెయ్యి ఎటు ఊగినా, పడవ ఎంత తుళ్లినా, బొటనవేలు మాత్రం ఆ ట్యూబు ముక్క మీదే ఉంటుంది, తాడుని నొక్కిపెట్టి. చెయ్యంతా ఒక పనిలో, బొటనవేలు ఒక్కటే ఇంకో పనిలో. కర్ర పట్టుకున్న చేతిలో కూడా బొటనవేలు ఖాళీయే కదా.

సైకిల్ ట్యూబు ముక్కతోనే చూపుడువేలికి తొడుగు చేసింది. దాని పక్కన, పాడైన కంప్యూటర్ మౌస్‌లోంచి పీకిన చిన్న చక్రం కుట్టింది. మణికట్టు దగ్గర పట్టీలో బ్యాటరీ, సంకేతం పంపే పలక. చక్రం ముందుకి తిప్పితే వేగం, వెనక్కి తిప్పితే తగ్గుదల, నొక్కితే బ్రేకు. వంపు చిప్పు తీసేసింది. చెయ్యి ఎక్కడికెత్తినా బండికి పట్టదు.

నరసింగరావు కర్ర పట్టుకుని బొటనవేలు చక్రం మీద వేసి తిప్పాడు. టిక్. ఆగిపోయాడు. మళ్లీ తిప్పాడు. టిక్. కళ్లు మూసుకున్నాడు.

"ఏటైనాది మావా? గట్టిగున్నాదా?"

"నాచ్," అన్నాడు.

అతను నడిపిన డీజిల్ ఇంజన్లలో వేగం పెంచే పిడి జారదు. గాడి నుంచి గాడికి పడుతుంది. ఒక్కో గాడిని నాచ్ అంటారు, మొత్తం ఎనిమిది. చీకట్లో కూడా ఎన్నో నాచ్‌లో ఉన్నదీ చేతికి తెలుస్తుంది. ఆ పిల్లకి ఇదేమీ తెలియదు, మౌస్ చక్రం చవగ్గా దొరికిందని పెట్టింది. సంగతి విన్నాక అక్కడికక్కడే ల్యాప్‌టాపు తెరిచి, ఎనిమిది టిక్కులు దాటితే వేగం పెరగకుండా కట్టేసింది.

ఒక్క చిక్కు మిగిలింది. ఆల్‌రైట్ చెప్పడానికి చెయ్యెత్తితే కర్ర నేల వదులుతుంది, మనిషి ఎడమవైపుకి ఒరిగిపోతాడు. రెండుసార్లు పడ్డాడు కూడా. "ఇంకోపాలి పడితే నాను ఎత్తను, అక్కడే తొంగో," అంది దాలమ్మ. తుంటిని బల్ల అంచుకి ఆనించి, బరువంతా దానిమీద వేసి, అప్పుడు చెయ్యెత్తడం నేర్చుకున్నాడు. తుంటి కమిలి నల్లబడింది. ఉత్సవం రోజు వచ్చేసరికి తిలారుకీ ఊర్లాంకీ చెయ్యెత్తి, తుళ్లకుండా వంశధార దాటిస్తున్నాడు.

కాలేజీ హాల్లో బల్లలు బిగించారు. చీపురుపల్లి చివర స్టేజికి ఆనుకుని ఉంది. అక్కడ పట్టాలకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. ఇంజను వచ్చి దాన్ని తెంచాలి, ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాలి, ఫొటో తియ్యాలి. స్టేజి మీద నరసింగరావుకని ఒక కుర్చీ వేసే ఉంచారు. దేవేంద్ర చివరిదాకా ఆశ వదల్లేదన్నమాట. నరసింగరావు దానికేసి చూడకుండా కోటబొమ్మాళి చివరికి పోయి నిలబడ్డాడు. దేవేంద్రకి చీపురుపల్లి స్టేషన్ మాస్టరు పని. బండి లోపలికి రావడానికి సిగ్నలు ఇచ్చే స్విచ్చి అతని దగ్గర ఉంది.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. ఒక లెక్చరరు మైకు పట్టుకుని, వైకల్యాన్ని జయించిన మహామనీషి, యువతకి స్ఫూర్తి, అంటూ మొదలెట్టాడు. మహామనీషి అది వినడం లేదు. ఒకటో నాచ్ వేశాడు. బండి కదిలింది. రెండు. మూడు. కర్ర, అడుగు, కర్ర, అడుగు. తిలారులో చెయ్యెత్తాడు. పిల్లలు ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. ఊర్లాం. వంశధార మీద నాలుగో నాచ్. కుమారి అతని వెనకే నడుస్తోంది.

చీపురుపల్లి బయటి సిగ్నలు ఎర్రగా ఉంది.

బొటనవేలు వెనక్కి తిప్పాడు, నొక్కాడు. బండి సిగ్నలుకి జానెడు దూరంలో మెత్తగా ఆగింది. నరసింగరావు తుంటి బల్లకి ఆనించి నిలబడ్డాడు.

హాలంతా గుసగుస. "ఆ అమ్మాయి చేసింది పాడైపోయింది," అన్నారెవరో. కుమారి అతని మణికట్టు పట్టీకేసి వంగింది. "మావా, బ్యాటరీయా?"

"సిగ్నలు."

చీపురుపల్లి దగ్గర దేవేంద్ర లేడు. పేరు పిలిచారని స్టేజి ఎక్కి, దండ వేయించుకుంటున్నాడు.

లెక్చరరు గబగబా వచ్చాడు. "ఏంటి సార్, ఆగింది? పోనివ్వండి, చీఫ్ గెస్టు వెయిటింగు."

"ఎర్రగున్నాది బాబూ."

"బొమ్మే కదండీ!"

"సిగ్నలూ బొమ్మే. అది ఎర్రగుంటే నాను ఎల్లను."

ఒక విద్యార్థి ఇంజనుని వేలితో తొయ్యబోయాడు. నరసింగరావు కర్ర ఎత్తి బల్లమీద అడ్డంగా పెట్టాడు. ఆ ఊపుకి మనిషి ఊగాడు గాని పడలేదు. ఇంకొకడు స్టేజి మీది కుర్చీ దింపి తెచ్చాడు. "మీరు అలసిపోయారు సార్, కూర్చోండి. మిగతాది మేం చూసుకుంటాం." చాలా మర్యాదగా అన్నాడు, నిజంగా మంచిపిల్లడే. తుంటి కమిలిన చోట బల్ల అంచు గుచ్చుకుంటోంది. కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. కుర్చీ మోకాలికి తగిలేంత దగ్గర్లో ఉంది.

"కుర్సీ తియ్యి," అన్నాడు నరసింగరావు. "దారికి అడ్డం." తరవాత గూడ్సు హారన్ లాంటి గొంతుతో అరిచాడు: "ఒరే దేవేంద్రా! బండి నీ సిగ్నలు కాడున్నాది!"

ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. ఎవరో కత్తెర అందించారు. రిబ్బను తనే కత్తిరించి, ఫొటో తీయించుకుని, ఇంకో సభ ఉందని దిగి వెళ్లిపోయాడు. అతని వెనక కాలేజీ పెద్దలు, వాళ్ల వెనక మైకు లెక్చరరు, భోజనాల వాసన తగిలి మిగతావాళ్లలో సగంమంది. దండతోటే దేవేంద్ర పరుగెత్తుకుని వచ్చి స్విచ్చి మీద చెయ్యేశాడు. సిగ్నలు పచ్చగా వెలిగింది.

ఒకటో నాచ్. రెండు. బండి తెగిన రిబ్బను ముక్కల మధ్య నుంచి చీపురుపల్లిలోకి వచ్చింది. ప్లాట్‌ఫారం చివర ఆగిందంటే, పెట్టెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా రాలేదు.

"పోనిచ్చీస్తే అయిపోను కదా మావా," అంది కుమారి, కళ్లలో నీళ్లతో. "నా యంత్రమే పాడైనాదనుకుని ఎల్లిపోనారు అందరూ."

"అనుకోనీ. ఎర్ర సూసి ఆగిందంటే నీ యంత్రం బాగున్నట్టు. ఎర్ర దాటీసుంటే అప్పుడు పాడైనట్టు." చెమట తుడుచుకోవడానికి చెయ్యి లేక భుజానికి మొహం రాసుకున్నాడు. "ఉన్నోళ్లకి సూపిద్దాం. తిరుగు ట్రిప్పుకి తయారు సెయ్యి."

మిగిలిన పాతికమంది పిల్లలు బల్ల చుట్టూ దగ్గరికి జరిగారు. దేవేంద్ర దండ తీసి జేబులో కుక్కుకోబోయాడు, కుదరక మెడలోనే ఉంచుకున్నాడు. గొంతు సవరించుకుని, స్టేషన్ మాస్టరు ఫక్కీలో అడిగాడు:

"డ్రైవరు గారూ, బండి లేటు. కారణం ఏటని సెప్పాలి?"

"స్టేషన్ మాస్టరు దండేయించుకోడానికి ఎల్లేడని సెప్పు."

పిల్లలు గొల్లున నవ్వారు. దేవేంద్ర మొహం ఎర్రబడింది, తరవాత అతనికీ నవ్వొచ్చింది. నరసింగరావు అప్పటికే ఇంజను వెనక్కి తిప్పించి, చక్రం మీద బొటనవేలు సర్దుకుంటున్నాడు.